చూడటానికీ రాయడానికీ మధ్య ఒక క్షణం: గిట్‌లో ఫైళ్ల పోటీని ఎలా సరిదిద్దారు?

ఒక ఫైల్లో "ధర = 100" అని ఉంది. దాన్ని భద్రపరచమని వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌కు చెప్పారు. అదే సెకనులో ఒక స్క్రిప్టు ఆ వరుసను "ధర = 900" అని మార్చింది. ఇప్పుడు "ఏమైనా మారిందా?" అని అడిగితే సాఫ్ట్‌వేర్ "ఏమీ మారలేదు" అని జవాబిస్తుంది. ఫైల్ తెరిచి చూస్తే 900 స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది. ఏ హెచ్చరికా రాదు, ఏ ప్రోగ్రామూ ఆగిపోదు. ఆ మార్పు మాత్రం తర్వాతి భద్రతా ప్రతిలో చేరకుండానే ఉండిపోతుంది.

ఇది ఊహించి చెప్పిన ఇబ్బంది కాదు. గిట్ తొలి రోజుల్లో దాని రూపకర్తలు ఎదుర్కొని, పరిష్కరించి, ఆ వివరాలను గిట్ సాంకేతిక పత్రాల్లో ప్రత్యేకంగా రాసిపెట్టుకున్న సమస్య. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్‌ను మొదలుపెట్టారు. అదే ఏడాది జులై నుంచి దాని నిర్వహణను జూనియో హమానో చూస్తున్నారు. ఇవాళ హైదరాబాద్ ఐటీ కార్యాలయాల్లోనైనా, ఇంజినీరింగ్ కాలేజీ ప్రాజెక్టుల్లోనైనా కోడ్ రాసేవారు రోజూ వాడే పనిముట్టు ఇదే. ఎవరు, ఎప్పుడు, ఏ ఫైల్లో ఏం మార్చారన్నది లెక్కగా దాచిపెట్టడం దాని పని. ఆ లెక్కే తప్పితే దాని మీద కట్టినదంతా అనుమానంలో పడుతుంది.

ఇలాంటి తప్పులకు మూలం "రేస్ కండిషన్" అనే స్థితి. రెండు పనులు ఒకే వస్తువు కోసం పోటీపడినప్పుడు, ఏది ముందు జరిగిందన్న దాన్ని బట్టి ఫలితం మారిపోవడమే రేస్ కండిషన్.

చిక్కు ఎక్కడుంది?

కంప్యూటర్లో ఒకేసారి ఎన్నో ప్రోగ్రాములు నడుస్తుంటాయి. మీరు టెర్మినల్‌లో గిట్ ఆదేశం ఇస్తారు. అదే సమయంలో మీ కోడ్ ఎడిటర్ కూడా తెర వెనుక గిట్‌ను నడిపి, మారిన ఫైళ్లకు రంగు వేసి చూపిస్తుంటుంది. రెండూ ఒకే ఫైల్‌ను తాకుతాయి.

ప్రోగ్రామర్లు సహజంగా రాసే తర్కం ఇలా ఉంటుంది: "ముందు ఫైల్ ఖాళీగా ఉందో లేదో చూడు. ఉంటే అందులో రాయి." చదవడానికి ఇందులో తప్పేమీ కనిపించదు. కానీ ఇక్కడ చూడటం ఒక పని, రాయడం మరో పని. రెంటి మధ్య మిల్లీసెకనులో ఓ చిన్న వంతు ఖాళీ ఉన్నా చాలు, ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి ప్రోగ్రామును పక్కన ఆపి రెండోదానికి అవకాశం ఇవ్వవచ్చు. రెండోదీ చూస్తుంది, దానికీ ఖాళీగానే కనిపిస్తుంది. తర్వాత రెండూ రాస్తాయి. ఒకరి రాతను మరొకరి రాత చెరిపేస్తుంది.

వేగం పెంచితే ఈ సమస్య పోదు. ఖాళీ చిన్నదవుతుంది, తప్పు అరుదవుతుంది, అంతే. అరుదైన తప్పును పట్టుకోవడం ఇంకా కష్టం. వెయ్యిసార్లు సరిగా నడిచి, వెయ్యిన్నొకటోసారి తప్పే ప్రోగ్రాములో లోపం వెతకడం ఎంత కష్టమో సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నవారికి తెలుసు. కాబట్టి ఖాళీని తగ్గించడం కాదు, దాన్ని లేకుండా చేయాలి.

రైల్వేలో ఇందుకు చక్కని పోలిక ఉంది. సింగిల్ లైన్ మార్గాల్లో రెండు స్టేషన్ల మధ్య ఎదురెదురుగా రెండు రైళ్లు రాకుండా మన దేశంలో చాలాకాలం లోహపు టోకెన్ బంతిని వాడారు. రెండు స్టేషన్లలోని టోకెన్ యంత్రాలు విద్యుత్ తీగతో కలిసి పనిచేస్తాయి. ఒక బంతి బయటికి వచ్చిందంటే, అది తిరిగి యంత్రంలో పడేదాకా రెండో బంతి రాదు. డ్రైవరు "ఎదురుగా బండి వస్తోందా" అని తొంగిచూసి బయల్దేరడు. చేతిలో బంతి ఉందా లేదా అన్నదే లెక్క. చూడటం, అనుమతి పొందడం రెండూ ఒకే చర్యగా మారిపోయాయి. ఫైళ్ల విషయంలోనూ పరిష్కారం ఇదే దారిలో దొరికింది.

తాళం కూడా ఒక ఫైలే

గిట్‌కు ముందు చాలాకాలం వాడిన సీవీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో తాళం పని చేసింది ఒక డైరెక్టరీ. డైరెక్టరీని సృష్టించమని అడిగితే ఆపరేటింగ్ సిస్టమ్ రెండే జవాబులు ఇస్తుంది: "సృష్టించాను" లేదా "ముందే ఉంది". ఒకే పేరుతో ఇద్దరు ఒకే క్షణంలో అడిగినా ఒక్కరికే విజయం దక్కుతుంది. ఈ లక్షణాన్నే సీవీఎస్ టోకెన్‌గా వాడుకుంది.

కానీ సీవీఎస్ ఒక్కో డైరెక్టరీకి విడివిడిగా తాళం వేసేది. పది డైరెక్టరీల్లోని ఫైళ్లను మారుస్తూ ఒకరు కమిట్ చేస్తున్నప్పుడు, మరొకరు సరిగ్గా ఆ మధ్యలో కోడ్ దించుకుంటే ఐదు డైరెక్టరీల్లో కొత్తది, మిగతా ఐదింటిలో పాతది రావచ్చు. సగం మారిన కోడ్ చాలాసార్లు కంపైల్ కూడా కాదు. 2004లో తొలి స్థిర రూపంగా విడుదలైన సబ్‌వర్షన్ ఈ లోటును తీర్చింది. అందులో కమిట్ అయితే మొత్తం అవుతుంది, లేదంటే అసలే కాదు.

గిట్ ఫైల్‌నే తాళంగా వాడుతుంది. ప్రాజెక్టులోని ఫైళ్ల జాబితాను, వాటి స్థితిని గిట్ "ఇండెక్స్" అనే ఫైల్లో దాచుకుంటుంది. దాన్ని మార్చాలంటే ముందు పక్కనే "ఇండెక్స్.లాక్" అనే ఫైల్‌ను సృష్టించాలి. ఆ సృష్టించే ఆదేశానికి ఒక షరతు జోడిస్తుంది: "ఈ పేరుతో ఫైల్ లేకపోతేనే సృష్టించు, ఉంటే విఫలమైనట్టు చెప్పు." ఉందో లేదో చూడటం, సృష్టించడం అనే రెండు పనులను ఆపరేటింగ్ సిస్టమ్ విడదీయకుండా ఒక్క గుక్కలో చేస్తుంది. మధ్యలో మరో ప్రోగ్రాము దూరడానికి సందు ఉండదు.

పక్కన రాసి, పేరు మార్చి

తాళం దొరికాక గిట్ అసలు ఇండెక్స్‌ను ముట్టుకోదు. కొత్త జాబితానంతా ఆ తాళం ఫైల్‌లోనే రాస్తుంది. రాయడం పూర్తయ్యాక "ఇండెక్స్.లాక్" పేరును "ఇండెక్స్"గా మార్చేస్తుంది. దాంతో పాత ఇండెక్స్ స్థానంలోకి కొత్తది వస్తుంది, తాళం పేరుతో ఉన్న ఫైల్ ఇక ఉండదు, అంటే తాళం కూడా తెరుచుకుంటుంది. ఒక్క అడుగులో రెండు పనులు.

పేరు మార్చడం యునిక్స్ తరహా సిస్టమ్‌లలో విభజించలేని చర్య. ఆ క్షణంలో ఇండెక్స్‌ను తెరిచేవారికి పూర్తి పాతదైనా కనిపిస్తుంది, పూర్తి కొత్తదైనా కనిపిస్తుంది. సగం రాసినది ఎప్పటికీ కనిపించదు. అందుకే ఇండెక్స్‌ను చదివేవారికి తాళం అవసరమే లేదు. రాసేవారు మాత్రమే వరుసలో నిలబడాలి.

కోడ్ అసలు విషయాన్ని దాచే చోట గిట్ ఇంకో మెట్టు పైకి వెళ్లింది. అక్కడ ప్రతి వస్తువుకూ పేరు దాని విషయం నుంచే లెక్కగట్టి పెడతారు. ఇద్దరు ఒకే విషయాన్ని ఒకేసారి దాచబోయినా ఇద్దరూ ఒకే పేరుతో, ఒకే అక్షరాలతో రాస్తారు. ఎవరు ముందు రాసినా ఫలితం ఒకటే. పోటీ ఉంటుంది, దానివల్ల నష్టం ఉండదు.

ఇక్కడే వాడుకదారులకు తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. గిట్ పని మధ్యలో ఉండగా కరెంటు పోయినా, ప్రోగ్రామును బలవంతంగా ఆపినా తాళం ఫైల్ అలాగే మిగిలిపోవచ్చు. తర్వాత ఇండెక్స్‌ను మార్చే ఏ ఆదేశం ఇచ్చినా "ఈ రిపాజిటరీలో మరో గిట్ ప్రాసెస్ నడుస్తున్నట్టుంది" అన్న సందేశం వస్తుంది. చాలామంది వెంటనే ఇండెక్స్.లాక్‌ను చెరిపేస్తారు. నిజంగా మరో ప్రాసెస్ నడుస్తుంటే అది ఎదుటి బండి లైన్లో ఉండగా టోకెన్ యంత్రాన్ని బద్దలు కొట్టినట్టే. ఎడిటర్‌ను, ఇతర టెర్మినళ్లను మూసి, గిట్ ఏదీ నడవడం లేదని రూఢి చేసుకున్నాకే దాన్ని తొలగించాలి.

తెర వెనుక నడిచే ఎడిటర్లే అనవసరంగా తాళం పట్టుకుని మనిషి ఇచ్చిన ఆదేశానికి అడ్డుపడటం కూడా జరిగేది. 2017లో వచ్చిన గిట్ 2.15 దీనికి ఒక సదుపాయం ఇచ్చింది. కేవలం స్థితి తెలుసుకోవడానికి అడిగే ప్రోగ్రాములు, తప్పనిసరి కాని తాళాలు తీసుకోవద్దని గిట్‌కు చెప్పవచ్చు.

ఒకే సెకనులో రెండు రాతలు

ఇప్పుడు 100, 900 కథకు వద్దాం. అక్కడ ఇండెక్స్‌కు తాళం వేయడం వల్ల లాభం లేదు. ఎందుకంటే ఫైల్‌ను మార్చింది గిట్ కాదు, తాళం సంగతి తెలియని వేరే ప్రోగ్రాము.

లినక్స్ కెర్నెల్ ప్రాజెక్టులో 70,000కు పైగా ఫైళ్లున్నాయి. "ఏం మారింది?" అని అడిగిన ప్రతిసారీ అన్నింటినీ తెరిచి చదివితే ఎంతో సమయం పడుతుంది. అందుకే గిట్ ఒక సులువు చూసుకుంది. ప్రతి ఫైల్‌కూ చివరిసారి మారిన సమయం, పరిమాణం వంటి వివరాలను ఇండెక్స్‌లో రాసుకుంటుంది. తర్వాత అడిగినప్పుడు ఫైల్‌ను తెరవకుండా ఈ వివరాలనే పోల్చి చూస్తుంది. అన్నీ సరిపోతే ఫైల్ మారలేదని నమ్ముతుంది.

ఆ రోజుల్లో విస్తృతంగా వాడిన ఈఎక్స్‌టీ3 వంటి ఫైల్ సిస్టమ్‌లు సమయాన్ని సెకన్ల వరకే నమోదు చేసేవి. ఫ్యాట్‌లో అయితే రెండు సెకన్లకు ఒక గీత. ఇండెక్స్‌లో చేరిన సెకనులోనే అదే ఫైల్‌పై మళ్లీ రాస్తే సమయం మారదు. 100, 900 రెండూ మూడంకెలే కాబట్టి పరిమాణం కూడా మారదు. గిట్ చూసే ఆధారాలన్నీ మార్పు లేదనే చెబుతాయి. మనిషి చేతికి అంత వేగం ఉండదు, కానీ వరుసగా ఆదేశాలు నడిపే స్క్రిప్టుకు ఒక సెకను చాలా ఎక్కువ.

గిట్ దీనికి కనుగొన్న పరిష్కారం సరళమైనది. ఇండెక్స్ కూడా ఒక ఫైలే కనుక దానికీ ఒక సమయం ఉంటుంది. ఒక ఫైల్ మారిన సమయం, ఇండెక్స్ రాసిన సమయం కంటే ముందుదైతే నమ్మవచ్చు. ఇండెక్స్ రాసిన తర్వాత ఆ ఫైల్ మారి ఉంటే దాని సమయం కూడా మారి ఉండేది. కానీ ఫైల్ సమయం ఇండెక్స్ సమయంతో సమానంగానో, దానికంటే తర్వాతదిగానో ఉంటే అనుమానించాలి. అలాంటి ఫైళ్లను మాత్రం తెరిచి, విషయాన్నే పోల్చి చూడాలి. 70,000 ఫైళ్లలో అనుమానం వచ్చేవి ఏ కొన్నో ఉంటాయి కాబట్టి వేగం పెద్దగా తగ్గదు.

ఇంతటితో ఆగితే మరో రంధ్రం మిగిలిపోయేది. కాసేపటికి వేరే ఫైల్ కోసం ఇండెక్స్‌ను మళ్లీ రాస్తే దాని సమయం ముందుకు జరుగుతుంది. అప్పుడు అనుమానించాల్సిన ఆ పాత ఫైల్ నమ్మదగినదిగా కనిపించడం మొదలవుతుంది. అందుకే గిట్ కొత్త ఇండెక్స్ రాసే ముందే అనుమానాస్పద ఫైళ్లను ఒకసారి చదువుతుంది. నిజంగా మారినవి ఉంటే వాటి పరిమాణాన్ని ఇండెక్స్‌లో కావాలనే సున్నా అని రాస్తుంది. ఇకపై అసలు పరిమాణంతో అది సరిపోలదు. కాబట్టి ఆ మార్పు ఎప్పటికీ మరుగున పడదు.

ఇప్పటి ఫైల్ సిస్టమ్‌లు నానోసెకన్లలో సమయం రాయగలవు కదా అనిపించవచ్చు. రాయడానికి చోటుంది, కానీ లినక్స్ కెర్నెల్ చాలాకాలంగా ఫైళ్లపై వేస్తూ వచ్చిన గడియారం కొన్ని మిల్లీసెకన్లకు ఒకసారి మాత్రమే ముందుకు కదిలేది. మిల్లీసెకన్ల వ్యవధిలో రెండుసార్లు రాయడం ఇవాళ్టి కంప్యూటర్‌కు సునాయాసం. గీతలు ఎంత దగ్గరగా గీసినా రెండు గీతల మధ్య చోటు ఉంటూనే ఉంటుంది. అందుకే గిట్ గడియారాన్ని గుడ్డిగా నమ్మకుండా, దాన్ని ఎప్పుడు నమ్మకూడదో తెలుసుకుంది.

దూరం నుంచి వచ్చే పోటీ

పోటీ ఒకే కంప్యూటర్లో జరగాలని లేదు. విజయవాడలో ఒకరు, డాలస్‌లో ఒకరు ఒకే బ్రాంచ్‌కు తమ మార్పులను పంపుతారనుకుందాం. ప్రతి పుష్ అభ్యర్థనలోనూ రెండు విలువలు సర్వర్‌కు చేరతాయి: "ఈ బ్రాంచ్ ఇప్పుడు ఫలానా కమిట్ దగ్గర ఉంది, దాన్ని ఫలానా కొత్త కమిట్‌కు మార్చు." సర్వర్ ఆ బ్రాంచ్‌కు తాళం వేసి, పాత విలువ ఇంకా అదేనా అని చూసి, సరిపోతేనే మారుస్తుంది. ముందు వచ్చినవారిది చేరుతుంది. రెండోవారికి తిరస్కరణ వస్తుంది. వారు కొత్త మార్పులను దించుకుని, కలుపుకుని మళ్లీ పంపాలి. విసుగనిపించే ఆ తిరస్కరణే సహోద్యోగి పనిని కాపాడుతోంది.

"ఫోర్స్" అనే ఆదేశం ఈ రక్షణను పక్కకు నెడుతుంది. 2013లో వచ్చిన "ఫోర్స్ విత్ లీజ్" మధ్యేమార్గం: "నేను చివరిసారి చూసిన స్థితిలోనే బ్రాంచ్ ఉంటే బలవంతంగా మార్చు, లేకపోతే ఆగు." అయితే తెర వెనుక ఎడిటర్ తనంతట తాను కొత్త సమాచారం దించుకుంటుంటే, మనం కంటితో చూడని దాన్ని కూడా "చూసినట్టే" గిట్ లెక్కేస్తుంది. ఆశించిన కమిట్‌ను స్పష్టంగా పేర్కొనడమే దీనికి నమ్మకమైన పద్ధతి.

పాత జవాబును నమ్మితే

చూసిన దానికీ చేసే దానికీ మధ్య పరిస్థితి మారడం భద్రతా లోపంగానూ మారవచ్చు. 2021 మార్చిలో గిట్ బృందం సీవీఈ-2021-21300 అనే లోపాన్ని సరిచేసింది. గిట్ ఒక డైరెక్టరీని తనిఖీ చేసి, "ఇది మామూలు డైరెక్టరీయే" అన్న జవాబును వేగం కోసం గుర్తుపెట్టుకునేది. ఇంగ్లిష్ పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోని ఫైల్ సిస్టమ్‌లలో, దురుద్దేశంతో తయారుచేసిన రిపాజిటరీ ఆ డైరెక్టరీ స్థానంలో వేరే చోటికి దారితీసే లింకును పెట్టగలిగేది. గిట్ పాత జవాబునే నమ్మి, ఆలస్యంగా రాయాల్సిన ఫైళ్లను ఆ లింకు గుండా రాసేది. ఫలితంగా రిపాజిటరీని దించుకుంటున్నప్పుడే అందులోని హానికరమైన స్క్రిప్టు నడిచే ప్రమాదం ఉండేది. డైరెక్టరీని తొలగించిన వెంటనే గుర్తుపెట్టుకున్న జవాబును కూడా చెరిపేయడం ద్వారా ఆ దారి మూశారు.

విండోస్‌లో ఇబ్బంది వేరు. అక్కడ ఒక ప్రోగ్రాము తెరిచి ఉంచిన ఫైల్‌ను మరొకటి తొలగించడం చాలాసార్లు కుదరదు. యాంటీవైరస్ ఒక ఫైల్‌ను పరిశీలిస్తున్న క్షణంలోనే గిట్ దాన్ని తీసేయబోతే ఆ పని విఫలమవుతుంది. యాంటీవైరస్‌కు గిట్ తాళం వేయలేదు. అందుకే విండోస్ గిట్ కొన్ని మిల్లీసెకన్లు ఆగి, విరామం పెంచుకుంటూ మళ్లీ ప్రయత్నిస్తుంది. అప్పటికీ కాకపోతే "మళ్లీ ప్రయత్నించమంటారా?" అని వాడుకదారుణ్నే అడుగుతుంది. ఇది ఖాళీని పూడ్చడం కాదు, ఓపిక పట్టడం. కొన్నిచోట్ల అదే మిగిలిన దారి.

ఇంకా పూర్తిగా మూసుకోని సందు

గిట్ అప్పుడప్పుడు ఎవరికీ అక్కర్లేని పాత వస్తువులను ఏరి పారేస్తుంది. ఒక వస్తువు అనవసరమని అది తేల్చుకున్న క్షణానికీ, తొలగించే క్షణానికీ మధ్య మరో ప్రాసెస్ ఆ వస్తువును వాడుతూ కొత్త కమిట్ చేయవచ్చు. అప్పుడు కమిట్ మిగులుతుంది, దానికి కావాల్సిన వస్తువు ఉండదు. దీనికి గిట్ పెట్టుకున్న ప్రధాన రక్షణ గడువు: మామూలుగా రెండు వారాలు దాటని వస్తువుల జోలికి పోదు. ఇది ప్రమాదాన్ని బాగా తగ్గిస్తుంది కానీ పూర్తిగా తీసేయదు. ఆ విషయాన్ని గిట్ అధికారిక సూచికే దాచకుండా ఒప్పుకుంటుంది. గడువును వెంటనే అని మార్చి, ఇతరులు పనిచేస్తుండగానే శుభ్రం చేయబూనడం అందుకే ప్రమాదకరం.

ఇక సరిచేశామన్న నమ్మకం ఎలా వస్తుంది? అదృష్టవశాత్తూ తప్పు కనిపిస్తుందేమోనని ఎదురుచూస్తే కుదరదు, దాన్ని రప్పించాలి. గిట్ పరీక్షల్లో ఒకటి ఫైల్లో ఐదక్షరాల ఒక ఇంగ్లిష్ పదం రాసి, ఇండెక్స్‌లో చేర్చి, వెంటనే ఐదక్షరాల మరో పదంతో మార్చి, మార్పు కనిపించిందో లేదో చూస్తుంది. దీన్ని వరుసగా కొన్నిసార్లు చేస్తుంది. ఫైల్ సమయాన్ని కావాలన్నట్టు వెనక్కో ముందుకో జరిపే చిన్న పనిముట్టు కూడా గిట్ పరీక్షల సంచిలో ఉంది. సెకను గడిచేదాకా వేచి ఉండకుండా, అరుదైన క్షణాన్ని తామే సృష్టించుకుంటారన్నమాట.

ఫైళ్లతో పనిచేసే ప్రోగ్రాము రాసే ఏ విద్యార్థికైనా ఇందులో పనికొచ్చే పాఠాలు నాలుగు. ఉందో లేదో చూసి రాయడం కాకుండా, "లేకపోతేనే సృష్టించు" అని ఒకే ఆదేశంగా అడగాలి. అసలు ఫైల్‌పై నేరుగా రాయకుండా, పక్కన రాసి పేరు మార్చాలి. విలువను మార్చేటప్పుడు, తాను చూసిన పాత విలువ ఇంకా అదేనా అని సరిచూసుకోవాలి. గడియారం, గుర్తుపెట్టుకున్న జవాబు వంటి సులువు దారులు ఎక్కడ తప్పుతాయో తెలుసుకుని, ఆ ఒక్కచోట కష్టమైనా అసలు విషయాన్నే చదవాలి. ధర 900 అయిందని తెలిసేది ఆ చదివినప్పుడే.